అడిగేటోళ్లు కూసోవాలె

మా సారు పోయిండన్న ముచ్చట కోరుట్ల మార్కెట్ యార్డు ముందటి హోటల్ల చాయ్ తాగుతుంటె తెల్సింది. పొద్దుగాల జగిత్యాల దవాఖాన్ల పానం పోయిందట. హోటలాయన చెప్పిండు. నేను చాయ్ సగంల ఇడిసిపెట్టలె, మొత్తం తాగిన. తాగి బయటికచ్చి గోడకు ఒరిగిన. సారు నాకు సుట్టం కాదు, కులపోడు కాదు. వయసుల నాకంటె రెండేండ్లు చిన్న. ఏడుపు రాలె. 

తర్వాత సంతాప సభ పెట్టిన్రు. పెద్దోళ్లు మైకు పట్టుకొని మాట్లాడిన్రు. సారు జగిత్యాల కాలేజీల రాజనీతి శాస్త్రం చెప్పిండని, తెలంగాణ కొట్లాటల ముందట నడిసిండని, మహా మేధావి అని అన్నరు. కాదన. కానీ నేనెరిగిన సారు గా సభల ఎక్కడ కనవడలె. నన్ను మాట్లాడమని ఎవలు అడగలె, నేనూ చెయ్యి లేపలె. గందుకే రాస్తున్న. నా సదువు మూడో తరగతి కాడ ఆగిపోయింది. తప్పులుంటె మీరే సర్దుకోన్రి, నేను మాత్రం మల్ల రాయ.

నేను నలభై ఏండ్లు కోరుట్ల యార్డుల హమాలీ చేసిన. వడ్లు, మక్కలు, పసుపు, ఏదచ్చినా నా ఈపు మీదికెల్లే లారీ ఎక్కింది. సారు కొలువు దిగినంక యార్డు ఎనుక గల్లీల ఇల్లు కిరాయికి తీస్కున్నడు. రోజు పొద్దుగాల మా హోటలుకే చాయ్ కు అస్తుండె. మొదటి రోజు నేను మాట్లాడుతుంటె లేచి అచ్చి నాకు ఇవుతల దిక్కు కూసున్నడు.

"గా చెవు సరిగ ఇనరాదన్నా," అన్నడు. "నేను సిరిసిల్లల పుట్టిన. మా ఇంట్ల నాలుగు సాంచలుండె. చిన్నప్పుడు వాటి నడుమనే పండుకున్న."

సాంచలంటె బట్ట నేసే మరమగ్గాలు. వాటి సప్పుడుకు పక్కనున్న మనిషి మాట గూడ ఇనవడది. సారు మాట్లాడేటోని మూతి దిక్కే చూస్తుండె. మనల్ని గంత చక్కగ చూసి ఇనే సదువుకున్న మనిషి నాకు అంతకుముందు దొరకలె. నేను ఎవ్వలనన్న 'నువ్వు' అనే మనిషిని. సారునూ నువ్వే అన్న. ఆయన ఏమనుకోలె.

సారు కాడ ఒక నోటుబుక్కు ఉంటుండె. పెన్ను అద్దాల డబ్బీల పెట్టుకుంటుండె. రాజ్యం ఎవలు ఏలాలె, ఎందుకు ఏలాలె, ఏలేటోన్ని ఎవలు అడగాలె అని ఆలోచన చేసినోళ్లు అన్ని దేశాలల్ల ఉన్నరట. అండ్ల కొందరి పేర్లే పుస్తకాలల్ల మిగిలినయట. చెప్పులు కుట్టుకుంట రాజు ఎందుకని అడిగినోళ్లు, బంజరు భూమి అందరిదని దున్ని తన్నులు తిన్నోళ్లు, మొగోళ్లకున్న హక్కు మాకెందుకు లేదని అడిగి పానం పోగొట్టుకున్న ఆడోళ్లు, వీళ్లను ఎవ్వలు యాది జెయ్యరట. "నేను ముప్పై ఏండ్లు పుస్తకంలున్నోళ్లను చెప్పి జీతం తీస్కున్న," అంటుండె. "ఇప్పుడు పుస్తకం బయటున్నోళ్లను ఎతుకుతున్న."

నేను ఉన్నదున్నట్టు అనే రకం. "సారూ, గివన్నీ ఎవనికి అక్కెర? బస్తా నూరు కిలోలుంటది. నీ నోటుబుక్కు మోస్తదా?"

"మొయ్యదన్నా. బస్తా నీ ఈపు మీదికే ఎందుకచ్చిందో చెప్తది."

 చాయ్ పైసలు ఆ రోజు నేనే ఇచ్చిన.

ఇగ అసలు ముచ్చట. మా యార్డుల బస్తాలు ఎత్తి దించే జట్టును ముఠా అంటరు. పని పంచేటోడు మేస్త్రి. అమాస నాడు పని బందు. గా నాడు ముఠా అంత షెడ్డు కింద కూడుతది. మేస్త్రి ఒక్కడే నిలబడాలె. మిగిలినోళ్లందరు కూసోవాలె. నన్ను ఆ రోజు పనికెందుకు పిలవలె, వానికి తేలిక లారీ ఎందుకిచ్చినవ్, గిట్ల ఎవనికేం అనుమానమున్నా అడగాలె. అన్నిటికి జవాబు చెప్పేదాక మేస్త్రి కూసోవద్దు. అయినంక ఇంకోడు మేస్త్రి. అందరి వంతు అయ్యేదాక ఒక్కడు రెండోపారి కావద్దు. మా యార్డుల నలభై ఏండ్ల సంది గిదే కాయిదా.

ఒక అమాస నాడు సారు గిది చూసిండు. ఆ నెల మేస్త్రి పోశయ్య, నా తోటోడు. పిల్లగాండ్లు అడుగుతుంటె ఒక కాలు మీద, ఇంకో కాలు మీద నిలబడి చెమటలు కక్కుతున్నడు. సారు షెడ్డు స్తంభం పట్టుకొని అట్లనే చూసిండు. అయినంక నా కాడికచ్చిండు.

"అడిగేటోళ్లు కూసునుడు, జవాబు చెప్పేటోడు నిలబడుడు. గీ కాయిదా ఎవలు పెట్టిన్రన్నా?"

"మా నాయిన," అన్న.

ఎట్ల అన్ననో నాకే తెల్వది. నోట్లకెల్లి అచ్చింది. పోశయ్య నా మొఖం చూసిండు. తంబాకు ఉమ్మిండు.  ముఠాల పాతోళ్లం మేమిద్దరమే మిగిలినం. మిగతా పిల్లగాండ్లకు ముందటి సంగతి తెల్వది.

సారు పెన్ను తీసిండు. మీ నాయిన సదువుకున్నడా, ఏమంటుండె, ఎట్ల ఆలోచన అచ్చింది అని అడిగిండు. నేను ఒక్కొక్కటి కల్పించి చెప్పిన. మా నాయిన ఏ రోజు అనని మాటలు ఆయన నోట్ల పెట్టిన. సారు రాస్తుంటె నా ఛాతి ఎడల్పయ్యింది. మాది కొడిమ్యాల దిక్కు భూమి లేని ఇల్లు. మా నాయిన పేరు రేషన్ కార్డుల తప్ప ఎక్కడ రాయలె. ఇప్పుడు కాలేజీ సారు రాస్తున్నడు. ఆపబుద్ధి కాలె.

గప్పుడు తెలంగాణ కొట్లాట జోరు మీదున్నది. ఊరూరికి టెంట్లు. కోరుట్ల చౌరస్తల టెంటు కింద రోజుకొక సంఘం దీక్షల కూసునేది. ఒకనాడు గౌడులు, ఒకనాడు పద్మశాలీలు, ఒకనాడు వకీళ్లు. పొద్దుగాల మెడల దండలేస్తరు, పొద్దుమీకి నిమ్మరసం ఇచ్చి లేపుతరు. మా హమాలీల వంతు అచ్చింది. సారు కమిటీల మాట్లాడి, ఆ రోజు తానే ఉపన్యాసం చెప్త అన్నడు. నా కాడికచ్చి మీ నాయిన ఫోటో ఇయ్యి అన్నడు.

ఫోటో ఒక్కటే ఉన్నది. నా లగ్గానికి జగిత్యాల స్టూడియోల తీసింది. నాయిన కుర్సీల కూసొని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నడు. గదే ఫ్లెక్సీ మీద మనిషంత పెద్దగ అచ్చేసిన్రు. కింద 'మనం మరిచిన మన తత్వవేత్త' అని రాసిన్రు. టెంటుల గది చూసి నేను ఎనుక వరుసకు పోయి కూసున్న.

ఎందుకంటె అసలు జరిగింది వేరే.

అప్పుడు నేను ఇరవై ఏండ్ల పోరన్ని. ముఠాకు మా నాయినే మేస్త్రి, ఏండ్లకేండ్లు ఆయనే. యార్డుల కింద పడ్డ గింజలు ఊడ్సుకునే ఆడోళ్లు ఉండె. ఊడ్సిన గింజలు వాళ్లయే, గదే వాళ్ల కూలి. మా నాయిన, రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి సేటు మాట ఇని, ఊడ్పు గింజలల్ల సగం సేటు కొట్టుకు ఇయ్యాలె అన్నడు. ఆడోళ్లు అడగనీకి అచ్చిన్రు. నాయిన బస్తాల గుట్ట మీద నీడకు కూసున్నడు. వాళ్లు కింద ఎండల నిలబడ్డరు. గంట అడిగిన్రు. నాయిన బీడి తాగుకుంట చూద్దాం, చేద్దాం అంటున్నడు. అండ్ల ఒకామె, మా దిక్కామెనే, మేం ఊడ్పు అవ్వ అంటుంటిమి, చీపురు కింద పెట్టి మట్టిల కూసున్నది.

"మేస్త్రీ, నువ్వు దిగి నిలబడు. మేం కూసుంటం," అన్నది. "అడిగినోళ్ల కాళ్లెందుకు గుంజాలె? జవాబు చెప్పేటోనియి గుంజాలె."

ఆడోళ్లందరు కూసున్నరు. మా హమాలీలు గూడ ఒక్కొక్కలు బస్తాలు దించి కూసున్నరు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నడు. ఎవ్వలు లేవలె. నేను ఒక్కన్నే నిలబడ్డ. మా నాయిన దిక్కు ఉండాల్నా, వీళ్ల దిక్కు కూసోవాల్నా అని. ఆఖరుకు మా నాయిన గుట్ట దిగిండు. ఎండల నిలబడ్డడు. జరసేపు మాట దాటేసిండు. కాళ్లు మార్సుకున్నడు. అటెనుక సేటు పేరు చెప్పిండు, సేటు ఏమిస్త అన్నడో గూడ చెప్పిండు. అవ్వ అన్నది, "అయిపోయింది, ఇగ కూసో. అచ్చే అమాస దాక ఇంకోడు మేస్త్రి. వాడు గూడ గిట్లనే నిలబడాలె."

గదీ కాయిదా పుట్టిన తీరు. మా నాయిన పెట్టింది కాదు, మా నాయిన మీద పెట్టింది. ఆ రోజు ఇంటికచ్చినంక నాయిన అన్నం తినలె. ఆయన బతికినన్ని రోజులు మేమిద్దరం దాని ఊసు ఎత్తుకోలె.

టెంటుల సారు మాట్లాడిండు. రాజ్యాలు, రాజులు, అడిగినందుకు దేశం దాటినోళ్లు, అందరిని చెప్పి, ఆఖరికి మా యార్డుకు అచ్చిండు. జనం చప్పట్లు కొట్టిన్రు. నన్ను పిల్సి శాలువ కప్పి మైకు చేతికిచ్చిండు. "మీ నాయిన గురించి రెండు మాటలు చెప్పన్నా," అన్నడు.

అందరు కూసున్నరు. నేను నిలబడ్డ. హమాలీలు జంపకాన మీద కూసున్నరు. యార్డు ఊడ్సే ఆడోళ్లు జంపకాన అయిపోయినకాడ, ఉత్త నేల మీద కూసున్నరు. వాళ్ల మెడల దండలు లేవు. హమాలీ సంఘంల వాళ్ల పేర్లు లేవు గద. ఎనుక నుంచి ఫ్లెక్సీ మీద మా నాయిన చూస్తున్నట్టే ఉన్నది. మా నాయిన అని మొదలువెట్టిన.  ఒక కాలు మీద బరువేసిన, ఇంకో కాలు మీదేసిన. నూరు కిలోల బస్తా మీద ఉన్నప్పుడు గూడ నా కాళ్లు గట్ల గుంజలె.

"గీ కాయిదా మా నాయినది కాదు," అన్న. మొత్తం చెప్పిన. గుట్ట, సేటు, అవ్వ, అన్ని.

 పోశయ్యనే ముందు నోరు తెరిసిండు. "ఇన్నేండ్లకు దిగినవురా నువ్వు గూడ."

కొందరు నవ్విన్రు. కమిటీ పెద్దమనిషి ఒకాయన మైకు గుంజుకోబోయిండు. సారు ఆయన చెయ్యి పట్టిండు. తిడ్తడనుకున్న. నలుగురిల ఆయన పరువు తీసిన గద. సారు అచ్చి నా పక్కకు నిలబడ్డడు.

"తప్పు ఈ అన్న ఒక్కనిదే కాదు," అన్నడు మైకుల. "నేను ఏడాది సంది యార్డుకు పోతున్న. పుస్తకాలు మరిచినోళ్లను ఎతుకుత అని చెప్పుకుంట తిరుగుతున్న. చీపురు పట్టుకున్న ఒక్క మనిషిని గూడ అడగలె. నేను గూడ నిలబడాలె. అడగున్రి."

ఆడోళ్లల్ల నుంచి ఒకామె, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అన్నది, "అడుగుతం గని సారూ, జరసేపు గట్లనే ఉండున్రి ఇద్దరు. చూడనీకి మంచిగున్నది."

టెంటంత నవ్వింది. సారు గూడ నవ్విండు. వాళ్లు ఏం అడిగిన్రంటె, సంఘంల మా పేర్లు ఎందుకు లేవు అని.  ఆ పొద్దుమీకి మా సంఘం రిజిస్టర్ల వాళ్ల పేర్లు ఎక్కినయి. నిమ్మరసం ముందు వాళ్లకే ఇచ్చిన్రు.

ఫ్లెక్సీ సారే ఇప్పిండు. సుతిలు ఒక్కొక్కటి ఇప్పి, మా నాయిన మొఖం మీద మడత పడకుంట చుట్టి నాకిచ్చిండు. "ఇంటికి తీస్కపో అన్నా. అవ్వ బతికున్నదా?"

బతికే ఉన్నది. చేతనైతలేదని యార్డు మానుకొని, కొడిమ్యాల అవుతల బిడ్డ ఇంట్ల ఉంటున్నది. సమ్మెతోని బస్సులు బందున్నయి. తెల్లారి సారు స్కూటర్ మీద పోయినం.  నేను నాలుగుపార్లు మాఫ్ చెయ్యి సారూ అందామనుకున్న. గాలికి ఇనవడదని ఊకున్న. అసలు సంగతి, నాకు గా మాట అలవాటు లేదు.

అవ్వ వాకిట్ల మక్కలు ఆరబోసి సంచులకు ఎత్తుతున్నది. నడుము సగానికి ఒంగిపోయింది. నన్ను చూసి కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

"నువ్వు మేస్త్రి కొడుకువు గద. నాయిన మంచిగున్నడా?"

"పోయి శాన ఏండ్లాయె అవ్వా."

"పాపం. మంచోడే," అన్నది. "దిగిండు గద. నేను చెప్పంగనే దిగిండు. ఆయన తర్వాత నా మాటకు దిగినోడు ఒక్కడు లేడు, నా అల్లుడు గూడ దిగడు."

నేను మొఖం పక్కకు తిప్పుకున్న. ఇన్నేండ్లు నేను మా నాయిన ఓడిపోయిండనే అనుకున్న. గా ముసల్ది దిగుడును మంచితనం కింద జమ కట్టింది. సారు నన్ను గా వాకిట్లకు తీస్కపోకుంటె నాకు గిది తెల్వకనే పోతుండె. సారు తర్వాత సిరిసిల్ల ప్రెస్సుల ఒక చిన్న పుస్తకం అచ్చేయించిండు. ముందటి పేజీల అవ్వ ఉన్నది. రెండో పేజీల 'ఆమె అడగ్గానే గుట్ట దిగి నిలబడ్డ మేస్త్రి' అని మా నాయిన ఉన్నడు. ఒక్క ముక్కనే. అబద్ధం లేదు. నేను కల్పించిన పేజీలన్నిటికంటె గా ముక్క బరువు. గా పుస్తకం ఏ కాలేజీల చెప్తలేరు. నా కాడ రెండున్నయి, కావాల్నంటె అచ్చి చదువుకోన్రి.

అవ్వ కాడ సారు పీట మీద కూసోలె. కింద కూసొని నోటుబుక్కు తెరిసిండు.

"అవ్వా, జవాబు చెప్పేటోడు నిలబడాలె అని నీకు ఎట్ల తట్టింది?"

"తట్టుడేంది సారూ? ఎండకు తాళలేక కూసున్న."

సారు పెన్ను ఆగింది. నేను కిసుక్కున నవ్విన. అవ్వ ఆయన చేతుల కాయితం చూసింది.

"గది పక్కకు పెట్టు. అచ్చినోనివి అచ్చినవ్, గీ సంచి మూతి పట్టు."

సారు నోటుబుక్కు మట్టిల పెట్టి, రెండు చేతులతోని సంచి మూతి ఎడల్పుగ పట్టుకున్నడు. అవ్వ చాటతోని మక్కలు ఎత్తి పోస్తున్నది. దుమ్ము సారు అద్దాల మీద, మీసాల మీద పడుతున్నది. తుడుసుకుందామంటె చేతులు ఖాళీ లేవు. నేను పట్టుకుంట అంటె ఇయ్యలె. మంచి చెవు ఆమె దిక్కు తిప్పి ఇనుకుంట కూసున్నడు. గప్పుడు చెప్పింది అవ్వ, ఒక్కొక్క చాటకు ఒక్కొక్క మాట.

"కూసున్నది ఎండకే. కూసున్నంక తెల్సింది సారూ, కూసుంటె భయం పోతదని. నిలబడి అడిగితె ఎళ్లగొడ్తడేమో అనిపిస్తది. కూసుంటె, ఇది నా జాగ అనిపిస్తది."

ఇంకో చాట పోసింది.

"తెలంగాణ తెస్తున్నరట గద. తేన్రి, మంచిదే. అచ్చినంక కుర్సీలల్ల కూసునేటోళ్లు కూసుంటరు. వాళ్లను ఏ అమాసకు నిలబెడ్తరు? గది ముందే ఖరారు చేస్కోన్రి. అటెనుక వాళ్లు దిగరు."

సంచి నిండింది. మూతి కుట్టి నేను ఎత్తి ఇంట్ల పెట్టిన. బిడ్డ ఇచ్చిన మజ్జిగ తాగి బయలెల్లినం. సారు నోటుబుక్కు జేబుల పెట్టుకున్నడు, తెరవలె. నాలుగు గజాలు పోంగనే పెద్దగ మొదలువెట్టిండు. బడి పిల్లగాడు ఎక్కం అప్పజెప్పినట్టు, అవ్వ మాటలు పోగొట్టుకోవద్దని అంటనే ఉన్నడు, అంటనే ఉన్నడు. సాంచల నడుమ పెరిగిన మనిషి, గొంతు చిన్నగ రాదు.

జగిత్యాల కాడ రోడ్డు మీద రాస్తారోకో. టైర్లు కాలుతున్నయి, పోరగాండ్లు జెండాలు పట్టుకొని ఉన్నరు. సారు స్కూటర్ నెమ్మదిగ చేసిండు గని నోరు ఆపలె. "ఏ అమాసకు నిలబెడ్తరు?" అని పెద్దగ అన్నడు. పోరగాండ్లు నినాదమనుకున్నరు. జై తెలంగాణ అని చేతులు లేపి తొవ్వ ఇచ్చిన్రు. సారు మల్ల గదే అడిగిండు. వాళ్లు మల్ల జై తెలంగాణ అన్నరు. మక్క దుమ్ముతోని తెల్లబడ్డ మొఖం వాళ్ల దిక్కు తిప్పి, ఒక్కొక్కని మొఖం చూసుకుంట, సారు మూడోపారి అడిగిండు.